సెలవుల్లో అనాథాశ్రమానికి వెళ్లేముందు



విదేశాల్లో స్థిరపడ్డ మన కుటుంబాల్లో ఈమధ్య ఒక కోరిక తరచుగా వినిపిస్తోంది. సెలవులొస్తే ఊళ్లు చూసి, ఫొటోలు తీసుకుని వచ్చేస్తే వాళ్లకు తృప్తిగా ఉండటం లేదు. ఏదైనా పేద దేశానికి వెళ్లి, అక్కడి అనాథ పిల్లల దగ్గర కొన్నాళ్లు సేవ చేసి రావాలనుకుంటున్నారు. అదీ భార్యాభర్తలు మాత్రమే కాదు, పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని. ఆ కోరికలో కల్మషం లేదు. ఉన్నది నలుగురితో పంచుకోవాలనే బుద్ధి మన పెద్దలు మనకు నేర్పినదే. అందుకే ఈ విషయం మీతో కాస్త నెమ్మదిగా, వివరంగా మాట్లాడాలనిపించింది.

సింగపూరులో ఉంటున్న మా అక్క కూతురు ఇలాంటి ప్రయాణమే పెట్టుకుంది. కంబోడియాలో సియెమ్ రీప్ అనే పట్టణం. అంకోర్‌వాట్ గుడి ఉన్నది అక్కడే. గుళ్లన్నీ చూసుకుని, మిగిలిన రోజులు ఆ పక్కనే ఉన్న ఒక ఆశ్రమంలో గడపాలని ఆలోచన. నాకు ఫోన్ చేసి, "పిన్నీ, మా వాళ్లకి ఏసీ గదీ, చేతిలో టాబ్లెట్టూ తప్ప లోకం తెలీదు. అమ్మానాన్నా లేని పిల్లలు ఎలా బతుకుతున్నారో కళ్లారా చూస్తే వాళ్లలోనూ దయ పుడుతుంది కదా" అంది. నేను వెంటనే ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఒక్క ప్రశ్న మాత్రం అడిగాను. "ఆ పిల్లలకి అమ్మానాన్నా లేరని నీకెవరు చెప్పారే?"

ఆ ప్రశ్న ఎందుకు అడిగానో తెలియాలంటే కంబోడియా సంగతి కొంత చెప్పుకోవాలి.

1975 ఏప్రిల్ నుంచి 1979 జనవరి దాకా ఆ దేశాన్ని ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు వర్గం పాలించింది. ఆకలితో, రోగాలతో, వెట్టిచాకిరితో, హత్యలతో సుమారు 17 లక్షలమంది చనిపోయారు. అప్పుడు నిజంగానే దేశం నిండా తల్లీతండ్రీ లేని పిల్లలు. వాళ్లకోసం ఆశ్రమాలు పుట్టడంలో ఆశ్చర్యం లేదు. పుట్టకపోతేనే తప్పు. ఆ పిల్లలు పెరిగి పెద్దవాళ్లయ్యారు, వాళ్లకూ సంసారాలు ఏర్పడ్డాయి. 1991లో పారిస్‌లో శాంతి ఒప్పందాలు జరిగాయి, 1993లో ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణలో ఎన్నికలు జరిగాయి. దేశం కుదుటపడుతున్నకొద్దీ అనాథలు తగ్గాలి, వాళ్లతోపాటు ఆశ్రమాలూ తగ్గాలి. జరిగింది మాత్రం దానికి పూర్తిగా విరుద్ధం. 2005లో అక్కడ 154 ఆశ్రమాలు ఉంటే, 2010 నాటికి 269 అయ్యాయి. వాటిలో ప్రభుత్వం నడిపేవి 21 మాత్రమే. మిగతావి చాలావరకు విదేశీ విరాళాల మీద, వచ్చిపోయే పర్యాటకుల చేతి డబ్బు మీద ఆధారపడ్డవే. 2011లో యునిసెఫ్ సాయంతో వెలువడిన అధ్యయనం ఇంకో మాట కూడా చెప్పింది. ఆ ఆశ్రమాల్లో ఉన్న ప్రతి నలుగురు పిల్లల్లో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు.

నలుగురిలో ముగ్గురు! మరి ఆ తల్లిదండ్రులు పిల్లల్ని ఎందుకు వదులుకున్నారు? ప్రేమ లేక కాదు. పల్లెటూళ్లో వరిపొలం చేతికి రాలేదు, అప్పు మీదపడింది, బడి చాలా దూరం. అప్పుడు ఎవరో వచ్చి, "పట్నంలో తెల్లవాళ్లు నడిపే ఇల్లు ఉంది, మూడుపూటలా తిండి పెడతారు, ఇంగ్లీషు నేర్పుతారు" అని చెబుతారు. ఏ తల్లి మాత్రం ఏమంటుంది? మన దగ్గరా కరవు సీమల్లో బిడ్డల్ని దూరపు హాస్టళ్లలో చేర్చి కళ్లు తుడుచుకుంటూ తిరుగు బస్సెక్కిన తల్లులు ఎంతమంది లేరు! ఆమెకు తన బిడ్డ అనాథ కాదు, చదువుకోవడానికి వెళ్లిన బిడ్డ. గేటు దాటి లోపలికి వెళ్లాక మాత్రం ఆ బిడ్డను అనాథగా చూపిస్తారు. సందర్శకుడు డబ్బిచ్చేది అనాథకే కాబట్టి.

ఇక్కడ పర్యాటకం పాత్ర చాలా పెద్దది. 1993లో కంబోడియాకు వచ్చిన విదేశీయులు లక్ష పైచిలుకు. 2019లో 66 లక్షలు. ఆశ్రమాలు ఎక్కువగా వెలసింది ఎక్కడో మారుమూల కాదు, ఈ యాత్రికులు దిగే పట్టణాల్లో, ముఖ్యంగా సియెమ్ రీప్‌లో, రాజధాని నామ్‌పెన్‌లో. సాయంత్రంపూట పిల్లలచేత అప్సర నృత్యం చేయించేవారు. విదేశీయులు తిరిగే వీధుల్లో ఆ పిల్లలే కరపత్రాలు పంచి, మా ఆశ్రమానికి రండి అని పిలిచేవారు. మర్నాడు పొద్దున్నే బడికి వెళ్లాల్సిన పిల్లలు! కొన్నిచోట్ల పరిస్థితి బాగుపడితే విరాళం ఆగిపోతుందని పిల్లల్ని కావాలనే చిరుగుబట్టల్లో, చాలీచాలని తిండితో ఉంచిన సంగతీ బయటపడింది. అన్ని ఆశ్రమాలూ ఇలాంటివని నేననను. నిజాయితీగా నడిచేవీ ఉన్నాయి. కానీ రెండు రోజులకోసం వెళ్లిన అతిథికి ఏది ఏదో తెలుసుకునే దారి లేదు. అతిథి వస్తున్నాడని తెలిసినప్పుడు ఏ ఇల్లైనా సర్దుకునే ఉంటుంది కదా.

సరే, నిర్వాహకులు మంచివాళ్లే అనుకుందాం. పిల్లలు నిజంగా అనాథలే అనుకుందాం. అప్పుడైనా మనం వెళ్లి నాలుగు రోజులు వాళ్లతో ఆడుకుని రావచ్చా? నా మనసును ఎక్కువ కలచివేసేది ఈ ప్రశ్నే.

ఆశ్రమాలకు వెళ్లొచ్చినవాళ్లు దాదాపు అందరూ ఒకే మాట చెబుతారు. "గేటు తీయగానే పిల్లలు పరుగెత్తుకొచ్చి మమ్మల్ని చుట్టేసుకున్నారండీ! ముక్కూమొహం తెలియకపోయినా చంకెక్కేశారు. ఎంత ప్రేమో!" అని. వినడానికి మనసు కరిగిపోతుంది. కానీ ఒక్కసారి మన ఇంట్లో పిల్లల్ని గుర్తు తెచ్చుకోండి. రెండేళ్ల పిల్ల కొత్త మనిషిని చూస్తే ఏం చేస్తుంది? అమ్మ చీర కుచ్చిళ్ల వెనక దాక్కుంటుంది. ఎత్తుకోబోతే ఏడుస్తుంది. అలా ఏడవడం ఆరోగ్యం. నాకంటూ ఒక మనిషి ఉంది, ఈ వచ్చినవాళ్లు ఆ మనిషి కారు అని ఆ పిల్లకు తెలిసిందన్నమాట. ఎవరొచ్చినా చేతులు చాచే పిల్లకు తనకంటూ ఎవరూ లేరు. మనం ప్రేమ అనుకుంటున్నది ఆ బిడ్డకు తగిలిన దెబ్బ. పిల్లల మనస్తత్వం చదివిన వైద్యులు దీన్ని ఎన్నో ఏళ్లుగా గమనించి రాసిపెట్టారు.

రుమేనియాలో జరిగిన ఒక పరిశోధన గురించి ఇక్కడ చెప్పాలి. నియంత చౌషెస్కూ పాలనలో జనాభా పెరగాలని 1966లో గర్భస్రావాన్ని నిషేధించారు. పెంచే స్తోమత లేని కుటుంబాల పిల్లలు ప్రభుత్వ ఆశ్రమాల్లో పోగయ్యారు. 1989లో ఆ పాలన కూలేనాటికి లక్షమందికి పైగా పిల్లలు అలా ఉన్నారు. తర్వాత బుకారెస్ట్ నగరంలో అమెరికా శాస్త్రవేత్తలు నెల్సన్, ఫాక్స్, జీనా కలిసి 136 మంది పసివాళ్లను ఏళ్లతరబడి పరిశీలించారు. అందరూ ఆశ్రమాల్లో ఉన్న, మూడేళ్లు నిండని పిల్లలే. వారిలో సగంమందిని పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు. కుటుంబాల్లోకి వెళ్లినవాళ్ల తెలివితేటలు, మాట, మనుషులతో అనుబంధం, మెదడు పనితీరు, అన్నీ మెరుగుపడ్డాయి. రెండేళ్లలోపే వెళ్లినవాళ్లు ఇంకా బాగా కోలుకున్నారు. ఆశ్రమంలో తిండి ఉంది, పక్క ఉంది, కప్పు ఉంది. లేనిది రోజూ ఉదయం లేవగానే కనబడే ఒకే మొహం. ఈ ఫలితాలు వచ్చాక రుమేనియా రెండేళ్లలోపు బిడ్డల్ని ఆశ్రమాల్లో పెట్టకూడదని చట్టం చేసుకుంది.

ఇప్పుడు అలాంటి ఆశ్రమంలోకి మనం వెళ్లామనుకోండి. సోమవారం మనం, పై సోమవారం ఆస్ట్రేలియానుంచి ఇంకొకరు, ఆ తర్వాత జర్మనీనుంచి మరొకరు. ప్రతి ఒక్కరూ ఎత్తుకుంటారు, ముద్దుపెట్టుకుంటారు, బొమ్మలిస్తారు, వెళ్లేటప్పుడు ఏడుస్తారు. మళ్లీ వస్తామంటారు. రారు. మనకు అది ఒక్క వీడ్కోలు. ఆ బిడ్డకు ఏడాదిలో ఎన్ని వీడ్కోళ్లో! దయతోనే అయినా మనం ఆ వరసలో ఇంకొకటి కలిపి వస్తున్నాం.

మన పిల్లల సంగతి కూడా ఆలోచించండి. మన అమ్మాయి చదివే బడికి ఓ రోజు పరాయి దేశపువాళ్లు వచ్చి, మాకు ఈ పిల్లలంటే ఇష్టం, ఓ వారం వీళ్లతో గడుపుతాం, పాఠాలు కూడా చెబుతాం అంటే మనం ఒప్పుకుంటామా? ఎవరు మీరు, ఏం చదివారు, పోలీసు తనిఖీ అయిందా అని అడగమా? ఆస్ట్రేలియాలో పిల్లలతో పని చేయాలంటే ముందు ప్రభుత్వ తనిఖీలో నెగ్గాలి. ఆ తనిఖీ లేని మనిషి సియెమ్ రీప్‌లో నేరుగా పిల్లల పడకగదిలోకి వెళ్లిపోగలిగాడంటే, అక్కడి పిల్లల రక్షణకు మనం తక్కువ వెల కట్టామన్నమాట. తనిఖీ లేని ఈ తలుపులోంచి మంచివాళ్లతోపాటు పిల్లల్ని పాడుచేసే దుర్మార్గులూ దూరారు. ఇలాంటివి ఆపాలనే 2011లో కంబోడియాలో "పిల్లలు పర్యాటక ఆకర్షణలు కారు" అంటూ పెద్ద ప్రచారం మొదలైంది. ఆ ప్రచార పోస్టర్‌లో పిల్లలు మ్యూజియంలో వస్తువుల్లా అద్దాల పెట్టెలో ఉంటే, చుట్టూ యాత్రికులు ఫొటోలు తీస్తుంటారు. చూసినవాళ్లకు గుండె కలుక్కుమంటుంది.

నేపాల్ మనకు ఇంకా దగ్గర. పశుపతినాథుడి దర్శనానికి, ముక్తినాథ్ యాత్రకు ఏటా తెలుగువాళ్లు బస్సులకు బస్సులు వెళుతుంటారు. ఆ దేశంలో 75 జిల్లాలు ఉన్న రోజుల్లో ఆశ్రమాల్లో నూటికి 90 కేవలం అయిదు జిల్లాల్లో ఉండేవి. ఖాట్మండు, లలిత్‌పూర్, భక్తపూర్, పోఖరా ఉన్న కాస్కీ, ఖడ్గమృగాల అడవి ఉన్న చిత్వాన్. అన్నీ యాత్రికులు తిరిగేవే! పిల్లలు మాత్రం హుమ్లా లాంటి మారుమూల కొండజిల్లాల నుంచి వచ్చినవాళ్లు. 1996 నుంచి 2006 దాకా సాగిన అంతర్యుద్ధంలో, బిడ్డలచేత ఎవరూ తుపాకి పట్టించకుండా కాపాడుకోవాలని తల్లిదండ్రులు అప్పుచేసి డబ్బు చెల్లించి మరీ దళారులచేతిలో పెట్టారు. మంచి బడిలో చేర్పిస్తామని తీసుకెళ్లిన ఆ దళారులు పిల్లల్ని ఆశ్రమాలపాలు చేశారు. చాలామంది పిల్లలకు తల్లిదండ్రులు చనిపోయినట్టు దొంగ కాగితాలు కూడా పుట్టించారు.

కానర్ గ్రెనన్ అనే అమెరికా యువకుడు 2004లో ఖాట్మండు దగ్గర ఒక ఆశ్రమానికి వాలంటీరుగా వెళ్లాడు. అక్కడి పిల్లలు అనాథలనే అతనూ నమ్మాడు. కొంతకాలానికి వాళ్లలో ఇద్దరి తల్లి ఎదురుపడింది. అప్పుడతను చేసిన పని నాకు ఎంతో గొప్పగా తోస్తుంది. ఫొటోలు తీసుకుని ఇంటికి పోలేదు. పిల్లల కన్నవాళ్లను వెతుక్కుంటూ దారీతెన్నూ సరిగా లేని హుమ్లా కొండల్లో కాలినడకన ఊరూరా తిరిగాడు. ఎందరో తల్లిదండ్రులను కనుక్కున్నాడు. పిల్లల్ని సొంతవాళ్లతో కలపడానికే ఒక సంస్థను స్థాపించాడు. 2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చినప్పుడు మళ్లీ దళారులు బయల్దేరతారని గ్రహించిన నేపాల్ ప్రభుత్వం, అనుమతి లేకుండా పిల్లల్ని జిల్లా దాటించకూడదని ఆజ్ఞ ఇచ్చింది, కొత్త ఆశ్రమాలు పెట్టనివ్వలేదు. పాత అనుభవం నేర్పిన జాగ్రత్త అది.

ప్రపంచం కూడా మెల్లగా కళ్లు తెరుస్తోంది. ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ 2017లో, డబ్బుకోసం పిల్లల్ని ఆశ్రమాలకు తరలించడాన్ని ఆధునిక బానిసత్వంలో భాగంగా చూడాలని సిఫార్సు చేసింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ చేసిన తీర్మానంలో ఆశ్రమాల్లో స్వచ్ఛంద సేవవల్ల కలిగే హాని ప్రస్తావన వచ్చింది. కంబోడియా ప్రభుత్వం 2015లో లెక్క తీస్తే 406 సంస్థల్లో 16,579 మంది పిల్లలు తేలారు. తర్వాతి ఏళ్లలో చాలా సంస్థలు మూతపడ్డాయి, వేలమంది పిల్లలు ఇళ్లకు చేరారు. సాధ్యం కాదనుకున్నది సాధ్యమైంది.

మా అక్క కూతురికి ఇవన్నీ చెప్పాక, "అయితే మా పిల్లలకి మంచీచెడ్డా ఎలా నేర్పమంటావు పిన్నీ? ఇంట్లో కూర్చోమంటావా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. వెళ్లొద్దని చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు.

సియెమ్ రీప్‌లోనే, అంకోర్‌కు వెళ్లే దారిలో, పూర్వపు రాజు ఏడవ జయవర్మ పేరుతో ఒక పిల్లల ఆసుపత్రి ఉంది. స్విట్జర్లాండ్ డాక్టరు బెయాట్ రిష్నర్ 1999లో దాన్ని తెరిచారు. ఖ్మేర్ రూజ్ రాకముందు ఆయన నామ్‌పెన్‌లోని కాంథా బోఫా ఆసుపత్రిలో పనిచేశారు. దేశం బూడిదయ్యాక, రాజు సిహనూక్ కోరితే తిరిగొచ్చి 1992లో ఆ ఆసుపత్రిని మళ్లీ నిలబెట్టారు. పేద బిడ్డలకు వైద్యం ఉచితం. రిష్నర్ గారు శనివారం సాయంత్రాలు పర్యాటకుల ముందు చెల్లో వాయించి, ఆ తర్వాత వాళ్లను సాయం అడిగేవారు. వయసులో ఉన్నవాళ్లను రక్తం ఇమ్మనేవారు, పెద్దవాళ్లను డబ్బిమ్మనేవారు, మధ్యవయసువాళ్లను రెండూ ఇమ్మనేవారు. డెంగీ ముదిరిన ఏడాదుల్లో ఆ రక్తం ఎందరు పసివాళ్ల ప్రాణం నిలిపిందో! 2018లో ఆయన కన్నుమూశారు, ఆసుపత్రులు నడుస్తూనే ఉన్నాయి. అమ్మో నాన్నో చొక్కా చెయ్యి మడిచి రక్తం ఇస్తుంటే పక్కన నిలబడి చూసే పిల్లకు దయ అంటే ఏమిటో విడమరచి చెప్పాల్సిన పని ఉండదు. ఆ రక్తం ఎవరికి వెళ్లిందో ఆ పిల్లకు తెలియదు. ఫొటో ఉండదు. ఎవరి చేతా కృతజ్ఞతలు చెప్పించుకోనక్కర్లేదు. నాకు ఇది అన్నిటికన్నా నచ్చిన మార్గం.

కంబోడియాలోనే ఉన్న బట్టంబాంగ్‌లో ఫారే అనే కళల పాఠశాల ఉంది. శరణార్థి శిబిరంలో బొమ్మలు గీయడం నేర్చుకున్న కుర్రాళ్లు కొందరు తిరిగొచ్చి 1994లో దాన్ని మొదలుపెట్టారు. చుట్టుపక్కల పేద పిల్లలు అక్కడికి వచ్చి చిత్రలేఖనం, సంగీతం, సర్కస్ నేర్చుకుంటారు. అక్కడ తయారైన కళాకారులు సియెమ్ రీప్‌లో టికెట్టు పెట్టి ప్రదర్శన ఇస్తారు. కుటుంబంతో వెళ్లి టికెట్టు కొని చప్పట్లు కొట్టి రండి. అక్కడ వాళ్లు కళాకారులు, మనం ప్రేక్షకులం. ఎవరూ ఎవరి ముందూ చెయ్యి చాచరు.

డాక్టర్లు, నర్సులు, లెక్కలు రాయడం తెలిసినవాళ్లు నిజంగా సేవ చేయాలనుకుంటే అక్కడి సంస్థల సిబ్బందికి శిక్షణ ఇవ్వండి. మనం వచ్చేసినా ఆ విద్య అక్కడ మిగులుతుంది. విరాళం ఇవ్వాలంటే, పిల్లల్ని ఇంటినుంచి తీసుకెళ్లే సంస్థకన్నా ఇంట్లోనే ఉంచడానికి తల్లికి తోడ్పడే సంస్థకు ఇవ్వండి. బడి ఫీజు, సైకిలు, తల్లికి ఒక కుట్టుమిషను. చాలా ఇళ్లలో బిడ్డ దూరం కాకుండా ఆపడానికి కావలసింది ఇంతే.

ఇది పరాయి దేశాల గొడవ మాత్రమే అనుకోకండి. సెలవులకు సొంతూరు వచ్చినప్పుడు బిడ్డ పుట్టినరోజు అనాథాశ్రమంలో చేయడం మన ఆంధ్రాలో, తెలంగాణలో ఇప్పుడు మామూలైపోయింది. కేకు మనది, కోసేది మన బిడ్డ, చప్పట్లు కొట్టేది ఆ పిల్లలు. తన పుట్టినరోజు ఎప్పుడో తెలియని పిల్లవాడు ఆ వరసలో నిలబడి పాట పాడుతుంటాడు. భోజనం పెట్టాలనుంటే డబ్బు కట్టి రండి. ఆ అన్నం మనం ఎదురుగా నిలబడకపోయినా అరుగుతుంది.

మన దేశంలో పిల్లల్ని కుటుంబంలోనే ఉంచడానికి మిషన్ వాత్సల్య పథకం ఉంది. తండ్రి పోయి తల్లి ఒక్కతే పోషిస్తున్న పేద పిల్లలకు, అమ్మమ్మో నాయనమ్మో సాకుతున్న అనాథ పిల్లలకు నెలకు రూ. 4,000 ఇచ్చే ఏర్పాటు అందులో ఉంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు చేసుకోవాలి. ఆ సంగతి తెలియని ముసలివాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. వాళ్ల కాగితాలు నింపి, బ్యాంకు ఖాతా తెరిపించి, ఆఫీసుకు వెంట వెళ్లడం కూడా సేవే. నా దృష్టిలో చాలా పెద్ద సేవ. ఆపదలో ఉన్న బిడ్డ కనబడితే ఏ ఆశ్రమానికో ఫోన్ చేసి అప్పజెప్పకండి. 1098 నంబరుకు చెప్పండి. ఆ బిడ్డ ఎక్కడ ఉండాలో బాలల సంక్షేమ కమిటీ నిర్ణయిస్తుంది.

ఇంతా విన్నాక కూడా, మాకు తెలిసిన మంచి ఆశ్రమం ఉంది, వెళ్లే తీరతాం అనేవాళ్లకు ఒక మనవి. టికెట్లు కొనేముందు వాళ్లకు ఉత్తరం రాయండి. మీ దగ్గర ఉన్న పిల్లల్లో ఎంతమందికి తల్లిదండ్రులు ఉన్నారు? పోయినేడు ఎంతమందిని తిరిగి ఇళ్లకు పంపారు? ఆశ్రమానికి ప్రభుత్వ గుర్తింపు ఉందా? మమ్మల్ని పిల్లల దగ్గరికి పంపేముందు మా గురించి ఏం తనిఖీ చేస్తారు? ఈ నాలుగు ప్రశ్నలకు సరైన జవాబు రాకపోతే ఆ ప్రయాణం మానుకోండి. తనిఖీ ఏమీ లేదు, ఎప్పుడైనా రండి అని జవాబు వస్తే, తప్పకుండా మానుకోండి.